మనుషులు లేని లోయ ఎక్కడుంది?

(హనుమకొండలో మహిళా కార్యకర్తల కోసం జరిగిన ఫోటోగ్రఫీ శిక్షణా తరగతుల ముగింపు రోజున చేసిన ప్రసంగ పాఠం)



ఈ మూడు రోజుల్లో కెమెరా ఎట్లా పట్టుకోవాలో, వెలుతురు ఎటునుంచి పడాలో మీరు నేర్చుకున్నారు. ఆ విషయాల్లో నేను కొత్తగా చెప్పగలిగింది లేదు. ఒక్క సంగతి గురించే మాట్లాడతాను. ఫోటోలో ఏముందన్నది ఎంత ముఖ్యమో, ఫోటోలోంచి ఎవరిని తప్పించామన్నదీ అంతే ముఖ్యం. నేలను చూపించే ఫోటోల విషయంలో ఇది మరీ నిజం. ఒక నేల ఖాళీగా ఉందని నమ్మించగలిగితే, దాన్ని నమ్ముకుని బతికేవాళ్ల చేతుల్లోంచి తీసుకోవటం చాలా తేలిక అవుతుంది.

కొంతకాలం కింద ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి రాయలసీమలో తిరిగాను. పెద్ద రోడ్లు వదిలేసి, ఊళ్ల మధ్య దారుల్లో, ఆర్టీసీ బస్సుల్లో, ఆటోల్లో వెళ్లాం. మొదట అనంతపురం జిల్లాలో బొమ్మనహాళ్, కణేకల్ వైపు పోయాం. అక్కడ వేదవతి నదిని హగరి అంటారు. ఆ నది ఒడ్డున నిజంగానే ఇసుక దిబ్బలున్నాయి. గాలి వీచే నెలల్లో ఇసుక లేచి పొలాల మీద పడుతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే జిల్లా అది. ఆ దిబ్బల్ని ఫోటో తీస్తే రాజస్థాన్ అనుకుంటారు. కానీ దిబ్బ దిగగానే పొలం ఉంది, ఆ పొలంలో వంగి పనిచేసే ఆడవాళ్లున్నారు.

అక్కడినుంచి తాడిపత్రి, జమ్మలమడుగు మీదుగా గండికోట చేరాం. ఎర్రమల కొండల్ని పెన్నా నది కోసుకుంటూ పోయిన చోటు అది. గండి పక్కన కోట కాబట్టి గండికోట. నదికి కుడిగట్టున కోట, కోటలోపల ఊరు, మాధవరాయ స్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఇక్కడికి వచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. ఇప్పుడు మాత్రం గండికోట అంటే అందరికీ గుర్తొచ్చేది ఒకే ఫోటో. అంచున ఎర్రని బండలు, కింద మలుపు తిరిగే నీళ్లు, మనిషి జాడ ఉండదు.

ఆ ఫోటోలో మనుషులు ఎందుకు లేరని ఆలోచించాను. కారణం చాలా మామూలుది. మంచి వెలుతురు పొద్దు పొడిచేటప్పుడూ, పొద్దు గుంకేటప్పుడూ ఉంటుందని ఫోటోగ్రాఫర్లు చెబుతారు. మీకూ అదే చెప్పి ఉంటారు. ఆ రెండు వేళల్లో ఆడవాళ్లు ఎక్కడుంటారు? ఇంట్లో. నీళ్లు పట్టటం, వాకిలి ఊడ్చటం, పొయ్యి వెలిగించటం, పశువుల పని. వాళ్లు కట్టెలకో, మేకల వెంటో, కూలికో బయటికొచ్చేసరికి ఎండ నెత్తిమీదికి వస్తుంది. ఆ వెలుతురు పనికిరాదని అప్పటికి కెమెరాలు సంచుల్లోకి పోతాయి. అంటే ఆ ఫోటోలో స్త్రీలు లేకపోవటం యాదృచ్ఛికం కాదు. ఇంటిచాకిరీకి ఉన్న గడియారమూ, అందానికి పెట్టుకున్న గడియారమూ ఎక్కడా కలవవు. ఇంటి పనిని జనాభా లెక్కల్లో పని కింద రాయకపోవటం గురించి మనం ఎన్నో ఏళ్లుగా మాట్లాడుతున్నాం. నేల ఫోటోల్లో జరిగేదీ అదే.

మేము మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాం. మేకలు తోలుకొచ్చిన ఒకామె మమ్మల్ని చూసి నిలబడింది.

‘‘ఏం తీస్తాండారు మా?’’ అని అడిగింది.

‘‘బండలమ్మా, చాలా బాగున్నాయి’’ అన్నాను.

‘‘ఉత్త బండలేనా? ఆ సందులో ఎండాకాలం గూడా నీళ్లుంటాయి. మేకలు ఆడికే పోతాయి’’ అంది.

ఏ పక్క గడ్డి మిగులుతుందో, ఏ చెట్టు కట్టె కొట్టాలో, ఏ దోవలో కాలు జారుతుందో వరసగా చెప్పింది. మాకు దృశ్యంగా కనిపించింది ఆమెకు రోజువారీ బతుకు. చివరికి ‘‘ఈ ఫోటోలు ఎవురికి చూపిస్తారు?’’ అని అడిగింది. ఈ ప్రశ్నను మీలో ప్రతి ఒక్కరూ వెంట ఉంచుకోవాలని నా కోరిక.

గండికోటను మన గ్రాండ్ కాన్యన్ అంటున్నారు. పోలిక తెచ్చారు కాబట్టి అక్కడి చరిత్ర కూడా చూద్దాం. అమెరికా నైరుతిలో ఎడారి, రాతి గండ్లు ఉన్న ప్రాంతం నవహో అనే ఆదివాసుల నేల. వాళ్లది తల్లి వైపునుంచి వంశం లెక్కపెట్టే సమాజం. 1864లో సైన్యం ‘కాన్యన్ డి షే’ అనే గండిలోకి దిగి, వాళ్ల పీచ్ పండ్ల తోటల్ని నరికి, వేలమందిని వందల మైళ్లు నడిపించి నిర్బంధంలో పెట్టింది. 1868 ఒప్పందం తర్వాతే వాళ్లు తిరిగి రాగలిగారు. 1873లో ప్రభుత్వ సర్వే వెంట వచ్చిన టిమొతీ ఓ'సల్లివాన్ అదే గండిని ఫోటో తీశాడు. ఆయన మగ్గం దగ్గర కూర్చున్న నవహో వాళ్ల ఫోటో కూడా తీశాడు. కానీ ఎక్కువ పేరు తెచ్చుకున్నది నిటారు బండ కింద పాడుబడిన ఇళ్లున్న ఫోటో. చూసేవాళ్లకు అది ఎప్పుడో చచ్చిపోయిన జాతి నేలలా కనిపిస్తుంది.

ఇంకొక సంగతి. 1963లో కొలరాడో నది మీద ఆనకట్ట గేట్లు మూసేశారు. గ్లెన్ కాన్యన్ మునగటం మొదలైంది. అదే ఏడాది ఇలియట్ పోర్టర్ ఆ గండి రంగుల ఫోటోలతో పుస్తకం తెచ్చాడు. ప్రకృతి మీద ప్రేమతో, ముంపు మీద బాధతో చేసిన పుస్తకమే. కానీ దాని పేరుకు అర్థం ‘ఎవరూ ఎరగని చోటు’. నవహోలు ఎరుగుదురు, వాళ్లకంటే ముందునుంచీ ఎరిగినవాళ్లున్నారు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెలంగాణ పోరాటంలోని ఆడవాళ్ల మాటలు పోగుచేసినప్పుడు ‘మనకు తెలియని మన చరిత్ర’ అని పేరు పెట్టింది. తెలియనిది మనకు. బతికినవాళ్లకు తెలుసు. ఈ తేడా చిన్నది కాదు.

అదే నేలలో లారా గిల్పిన్ అనే ఫోటోగ్రాఫర్ వేరే పని చేసింది. నర్సుగా పనిచేసిన స్నేహితురాలి ద్వారా 1930ల మొదట్లో నవహో కుటుంబాలను కలిసింది. దశాబ్దాలపాటు మళ్లీ మళ్లీ వెళ్లింది. ఆమె పుస్తకం 1968లో వచ్చింది. అందులో బండలూ ఉన్నాయి, వాటి మధ్య బతికే మనుషులూ ఉన్నారు.

ఇక గండికోటకు తిరిగి వద్దాం. అందరూ ఫోటో తీసే గండికి ఎగువన పెన్నా మీద గండికోట జలాశయం ఉంది. 26.85 టీఎంసీల సామర్థ్యం. రాయలసీమకు నీళ్లు కావాలి, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ నీళ్ల కింద కొండాపురం మండలంలోని ఊళ్లు పోయాయి. 2020లో పునరావాసం పూర్తికాకముందే నీళ్లు నింపుతున్నారని తాళ్లప్రొద్దుటూరు జనం ఆందోళన చేశారు. గండి అంచున నిలబడి ఫోటో దిగే వేలమందికి ఈ ఊరి పేరు తెలియదు.

ముంపులో ఆడవాళ్లకు పోయేది ఎక్కువ, లెక్కకొచ్చేది తక్కువ. పట్టా మగవాడి పేర, ఇంటిపన్ను రసీదు మగవాడి పేర. పెరటి చెట్టుకు, కట్టె తెచ్చుకునే గుట్టకు, మేకలు మేసే బీడుకు కాగితమే ఉండదు. 2013 భూసేకరణ, పునరావాస చట్టం ఒక మంచి మాట చెప్పింది. వితంతువుల్నీ, విడాకులు పొందినవాళ్లనూ, కుటుంబం వదిలేసిన స్త్రీలనూ వేరే కుటుంబాలుగా లెక్కించాలి. మేజరైన ఆడపిల్ల కూడా వేరే కుటుంబమే. కానీ అన్న ఇంటి వెనక పాకలో ఉండే స్త్రీ తాను వేరుగా బతుకుతున్నానని ఎట్లా చూపించాలి? ఆమె పాక ముందు, ఆమె పొయ్యి దగ్గర, తేదీతో తీసిన ఒక ఫోటో ఒక్కటే సరిపోదు. కానీ ఇరుగుపొరుగు సాక్ష్యానికి తోడైతే బలం అవుతుంది.

మన దగ్గరి సంగతీ ఇదే. రేగొండ దగ్గర పాండవుల గుట్టల్లో ఇసుకరాతి బండలున్నాయి, ఆదిమానవుల రంగుబొమ్మలున్నాయి. మీలో చాలామంది రేపు అక్కడికే కెమెరాలతో వెళతారు. తప్పక వెళ్లండి. ఆ చుట్టుపక్కల కట్టెలకు, ఆకులకు వచ్చే ఆడవాళ్లను కూడా కలవండి. ములుగు, ఏటూరునాగారం వైపు పోడు భూముల్లో 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా భార్యాభర్తలిద్దరి పేరా రావాలి. చదును చేసిన నేల, వేసిన గట్టు, కట్టుకున్న గుడిసె, ఇవన్నీ ఆ చట్టం నియమాల్లో సాక్ష్యాలే. ఆ గట్టు వేసిన చేతులు ఎవరివో ఫోటోలో కనపడాలి.

ఇది చదువుకున్నవాళ్లే చేయగల పనని అనుకోకండి. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళా రైతులు వీడియో కెమెరా నేర్చుకున్నారు. తమ మెట్టచేల గురించి తామే సినిమాలు తీశారు. 2003లో వాళ్లు మన వరంగల్ రైతుల బీటీ పత్తి కష్టాల మీద తీసిన చిత్రం చాలా దూరం పోయింది. మనల్ని ఫోటో తీయటానికి ఎవరో రానక్కర్లేదని వాళ్లు చూపించారు.

తెలుగులో ఒక మంచి సంగతుంది. మనం ‘ఫోటో తీశాను’ అంటాం, ఎదుటి మనిషి ‘ఫోటో దిగాను’ అంటుంది. దిగటం కూడా ఒక పనే. దిగనని చెప్పే హక్కు ఆమెకుంది. అందుకని కొన్ని నియమాలు పెట్టుకుందాం. అడిగి తీద్దాం. ఎందుకో, ఎవరికి చూపిస్తామో ముందే చెబుదాం. ఒప్పుకుంటేనే ఊరు, పేరు రాద్దాం. భయం ఉన్నచోట పేరు దాచుదాం. ఒక ప్రతి ఆమె చేతికి తప్పక ఇద్దాం. ఏ ఊరికి వెళ్లినా పొద్దున్న వెలుతురుతో ఆపకుండా, పని జరిగే మధ్యాహ్నం దాకా ఉందాం. ఆ ఎండలో ఫోటో కాస్త తెల్లబోతే పోనివ్వండి. ఆమె అందులో ఉండటం ముఖ్యం.

ఈ తరగతుల్లో మీరు తీసిన ఫోటోల్ని గోడకు పెట్టారు. వెళ్లేముందు ఒక్కో ఫోటో దగ్గర ఆగి, ఈ నేల మీద ఎవరు పని చేస్తారు, వాళ్లెక్కడున్నారు అని ఒకరినొకరు అడగండి. జవాబు లేని ఫోటో ఉంటే, మళ్లీ ఆ ఊరికి వెళ్లాల్సిన పని మిగిలే ఉంది.