బ్రేకు లేని చిట్టెలుకలు



మా మాస్టారు మమ్మల్ని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, "ముందు చూడు, తర్వాత చెప్పు" అనేవారు. ఆయన పేరిట జరిగే ఈ సభలో, చూశాక గానీ తేలని ఒక వాదం చరిత్ర చెబుతాను.

1987లో ఫ్రాన్సులోని మార్సెయ్‌లో పియర్ గోల్‌స్టీన్ బృందం రోగనిరోధక వ్యవస్థకు చెందిన టి కణాల్లో సీటీఎల్‌ఏ-4 అనే జన్యువును గుర్తించింది. టి కణాన్ని ఉసిగొల్పే సీడీ28కి అది దగ్గరి చుట్టం. కాబట్టి ఇదీ ఉసిగొల్పేదేనని కొందరన్నారు. కాదు, అణిచేదని బర్క్‌లీలో జేమ్స్ ఆలిసన్, షికాగోలో జెఫ్రీ బ్లూస్టోన్ అన్నారు. గాజు పాత్రల్లోని కణాలతో ఆ తగువు పూర్తిగా తెగలేదు.

అప్పటికి ఎలుకలో కోరిన జన్యువును తీసేసే విద్య చేతికొచ్చింది. 1995 నవంబరులో బోస్టన్ నుంచి అర్లీన్ షార్ప్ బృందం, టొరంటో నుంచి టాక్ మాక్ బృందం సీటీఎల్‌ఏ-4 లేని ఎలుకల సంగతి ప్రకటించాయి.

పుట్టినప్పుడు ఆ పిల్లలు మామూలుగానే ఉన్నాయి. తర్వాత లింఫు గ్రంథులు ఉబ్బాయి, ప్లీహం పెరిగింది. మూడు, నాలుగు వారాలకు, అంటే తల్లిపాలు మానే వయసుకే, చనిపోయాయి. అలాంటి ఎలుక గుండె నుంచి పలుచని పొర కోసి, రంగు వేసి చూడండి. గులాబీ రంగు కండర పోగులు బారులు తీరి ఉండాల్సిన చోట ఊదారంగు చుక్కలు కిక్కిరిసి కనిపిస్తాయి. అవన్నీ లింఫోసైట్లు. క్లోమంలోనూ అంతే. ఇది క్యాన్సరు కాదు. చెడిపోయిన ఒక్క కణం సంతానం కాదు, రకరకాల టి కణాలు ఆగమనేవారు లేక పెరిగిపోయాయి. ఎల్‌పీఆర్ అనే మరో ఎలుక జాతిలోనూ లింఫు గ్రంథులు ఉబ్బుతాయి గానీ, అక్కడి లోపం వేరు: చావాల్సిన కణం చావదు. ఆ ఎలుకల్లో చెడింది ఫాస్ జన్యువని 1992లో నగాటా బృందం చూపింది.

తగువు తీరింది. అది బ్రేకే.

నన్ను ఇప్పటికీ కదిలించేది ఆలిసన్ తెగువ. ఈ తగువు ఇంకా తేలకముందే, ఆ బ్రేకును కాసేపు వదులు చేస్తే టి కణాలు క్యాన్సరును పట్టవా అని ఆయన అడిగాడు. సీటీఎల్‌ఏ-4ను అడ్డుకునే యాంటీబాడీతో ఎలుకల కణితులు కరిగాయని 1996లో ఆయన బృందం ప్రకటించింది. 2011లో అదే బ్రేకును అడ్డుకునే ఇపిలిముమాబ్ ముదిరిన మెలనోమాకు మందుగా అమెరికాలో అనుమతి పొందింది. 2018లో ఆలిసన్‌కూ, టి కణాల మరో బ్రేకు పీడీ-1 మీద పనిచేసిన తసుకు హోంజోకూ నోబెల్ వచ్చింది.

అయితే ఆ చిట్టెలుకల గుండెలో కనిపించిన చుక్కల్ని మరవకూడదు. ఈ బ్రేకుల్ని వదులు చేసే మందులు వాడే కొందరిలో టి కణాలు పేగుల మీద, కాలేయం మీద, అరుదుగా గుండె మీద పడతాయి. మీ ఇంట్లో ఎవరైనా వీటిని తీసుకుంటూ ఉంటే, విరేచనాలు మొదలైనా, ఆయాసం వచ్చినా సొంత వైద్యం చేసుకోనివ్వకండి. ఆ రోజే క్యాన్సరు డాక్టరుకు ఫోన్ చేయండి.