ఒత్తు పట్టినవాడి ఊపిరి



మనం ఎన్నడూ చూడని దేశంలో పుట్టిన పాట వింటుంటే ఒక్కోసారి గొంతుకు ఏదో అడ్డుపడుతుంది. మాట ఒక్కటీ తెలియదు, రాగం పేరు తెలియదు, పాడినవాడెవరో తెలియదు. అయినా కళ్లు చెమ్మగిల్లుతాయి. ఎందుకలా జరుగుతుంది? జరిగాక మనం అక్కడితో ఆగిపోవాలా, ఇంకో అడుగు వేయాలా? ఈ పూట ఆ సంగతి మాట్లాడుకుందాం.

ఉదాహరణగా ఒక్క ఆల్బమ్ తీసుకుంటాను. పేరు ‘పాషన్’. ఇక్కడ ఆ మాటకు మోహమని అర్థం కాదు. మన చర్చిల్లో ‘క్రీస్తు శ్రమలు’ అంటారే, అది. 1988లో మార్టిన్ స్కోర్సేసి తీసిన ‘ద లాస్ట్ టెంప్టేషన్ ఆఫ్ క్రైస్ట్’ సినిమాకు ఇంగ్లండు సంగీతకారుడు పీటర్ గేబ్రియల్ సంగీతం కూర్చాడు. సినిమా విడుదలయ్యాక కూడా దాని మీద పనిచేసి, 1989లో ఇరవై ఒక్క ట్రాకుల ఆల్బమ్‌గా తెచ్చాడు. మరుసటి ఏడాది దానికి గ్రామీ పురస్కారం వచ్చింది.

ఆ మొదటి ట్రాకును ఈమధ్య మా ఇంట్లో ముగ్గురికి వినిపించాను. ఏ సినిమాదో, ఎవరిదో చెప్పలేదు. ట్రాకు పేరు ‘ద ఫీలింగ్ బిగిన్స్’, అనుభూతి మొదలవుతోందని. మొదట ఒక ఊదే వాద్యం పలుకుతుంది. తొందర లేదు, తాళం లేదు. దాని కింద ఒకే ఒక్క స్వరం కదలకుండా నిలబడి ఉంటుంది. కాసేపటికి చర్మవాద్యాలు వచ్చి అడుగు కలుపుతాయి. వయొలిన్ పైకి లేస్తుంది. అప్పటిదాకా కూర్చుని తలుచుకుంటున్న బాధ లేచి నడక మొదలుపెట్టినట్టు ఉంటుంది.

మా అమ్మకు ఎనభై దగ్గర పడుతోంది. విని, కొంగుతో కళ్లు ఒత్తుకుని, “ఎవరో పోయినట్టుందిరా” అంది. ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనకోడలు, “మామయ్యా, గేముల్లో ఎడారి రాగానే ఇలాంటిదే వినిపిస్తుంది” అంది. మూడో ఆయన మా వీధి చివర ఉండే పెద్దాయన. నలభై ఏళ్లు పెళ్లిళ్లలో, గుళ్లలో సన్నాయి వాయించినవాడు. కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు. తరవాత నెమ్మదిగా, “బాబూ, ఇందులో ఒత్తు ఉంది. ఆ ఒత్తు పట్టినవాడు గట్టివాడు” అన్నాడు.

ముగ్గురూ విన్నది ఒకటే. ఒకరికి అది దుఃఖం. ఒకరికి దృశ్యం. ఒకరికి మనిషి. ఆ మూడో శ్రోత దగ్గరకు మనమూ చేరుకోవచ్చని చెప్పడానికే ఈ ప్రసంగం.

ముందు అమ్మ కన్నీటి సంగతి చూద్దాం. భరతుడు నాట్యశాస్త్రంలో ఎనిమిది సాత్త్విక భావాలు చెప్పాడు. మనసు కదిలితే దాని ఆనవాలు ఒంటి మీద కనిపించే తీరులు అవి. వాటిలో ఒకటి రోమాంచం, ఒకటి అశ్రువు, ఒకటి స్వరభంగం. ఆయన నటుడి కోసం చెప్పినా, మంచి సంగీతం విన్న శ్రోత ఒంటి మీద కనిపించేవీ అవే. తెచ్చిపెట్టుకుంటే వచ్చేవి కావు. కాబట్టి మొదటి మాట ఇది: తెలియని సంగీతానికి ఒళ్లు జలదరిస్తే సిగ్గుపడకండి. ‘నాకు శాస్త్రం తెలియదు కదా’ అని దాన్ని తోసేయకండి. ఒళ్లు అబద్ధం చెప్పదు.

దీన్ని శాస్త్రజ్ఞులూ పరీక్షించి చూశారు. 1999లో బాల్క్‌విల్, థాంప్సన్ అనే ఇద్దరు పరిశోధకులు హిందూస్తానీ రాగాలను ఆ సంగీతంతో పరిచయం లేని పాశ్చాత్య శ్రోతలకు వినిపించారు. సంతోషం, దుఃఖం, కోపం పలికించిన రాగాలను వాళ్లు బాగానే పోల్చుకున్నారు. 2009లో థామస్ ఫ్రిట్జ్ బృందం దీన్ని తిప్పి చూసింది. ఆఫ్రికాలోని కామెరూన్ కొండల్లో ఉండే మాఫా తెగవారిలో పాశ్చాత్య సంగీతం ఎన్నడూ విననివారికి పియానో వినిపించింది. సంతోషం, దుఃఖం, భయం ఏవో వాళ్లూ గుర్తుపట్టారు. నడక నెమ్మదిస్తే, స్వరం వంగితే, గొంతు బరువెక్కితే దుఃఖమని పోల్చుకోవడానికి ఏ దేశపు చదువూ అక్కర్లేదన్నమాట.

కానీ ఆ మొదటి పరీక్షలో ఒక రసం దగ్గర శ్రోతలు తడబడ్డారు. అది శాంతం. కోపం అందింది, దుఃఖం అందింది, శాంతం సరిగా అందలేదు. భరతుడి ఎనిమిది రసాల పక్కన తొమ్మిదోదిగా తరవాతివాళ్లు ఎంతో చర్చ చేసి నిలబెట్టిన రసం అది. ఇది నాకు చాలా పెద్ద పాఠంలా అనిపిస్తుంది. ముతక భావాలు గోడ దూకి వస్తాయి. సున్నితమైనవి తలుపు తీస్తేనే వస్తాయి. ఆ తలుపు పేరు పరిచయం.

సరే, పరిచయం చేసుకుందాం. ఆ ట్రాకు మొదట్లో పలికే వాద్యం పేరు దుదుక్. ఆర్మేనియా దేశానిది. ఆప్రికాట్ చెట్టు కొయ్యతో చేస్తారు. నోట్లో పెట్టుకునే చోట రెల్లుతో చేసిన వెడల్పాటి జంట పీక ఉంటుంది. మన సన్నాయికీ జంట పీకే. కానీ సన్నాయి గొంతు వీధి చివరి దాకా వినిపించాలి. దుదుక్ గొంతు పక్కన కూర్చున్నవాడికి వినిపిస్తే చాలు. దాని పలుకు మనిషి గొంతుకు దగ్గరగా ఉంటుంది. వినగానే మనల్ని ఎవరో పేరు పెట్టి పిలిచినట్టుండేది అందుకే.

దుదుక్ మామూలుగా ఇద్దరు వాయిస్తారు. ఒకరు పాట పలికిస్తారు. రెండోవారు ఒకే స్వరాన్ని తెగకుండా పట్టుకుంటారు. బుగ్గల్లో గాలి నిలవ చేసుకుని, ముక్కుతో ఊపిరి తీసుకుంటూ, నోటితో ఊదుతూనే ఉంటారు. మన మేళాల్లో శ్రుతిపెట్టె రాకముందు ఒత్తు పట్టేవాళ్లు చేసిన పని సరిగ్గా ఇదే. ఆ నిలకడ స్వరాన్ని ఆర్మేనియన్లు ‘దమ్’ అంటారు. పారసీక భాషలో ఆ మాటకు ఊపిరి అని అర్థం. మనం ‘దమ్ము’ అంటామే, అదీ అక్కడి నుంచి వచ్చిందే. మా వీధి పెద్దాయన ఆర్మేనియా పేరు వినకుండానే ఆ వాద్యంలో దమ్మును పట్టుకున్నాడు.

మరి అమ్మ విన్న ఏడుపు? అది తప్పు కాదు. 1915లో మొదలైన మారణకాండలో లక్షల మంది ఆర్మేనియన్లు ప్రాణాలు కోల్పోయారు, మిగిలినవాళ్లు దేశాలు పట్టిపోయారు. ఆ జ్ఞాపకం వాళ్ల పాటల్లో ఉంది. అయితే దుదుక్ చావుల దగ్గరే కాదు, పెళ్లిళ్లలోనూ, పండగల్లోనూ మోగుతుంది. ‘పాషన్’ తరవాత, ముఖ్యంగా 2000లో వచ్చిన ‘గ్లాడియేటర్’ సినిమాలో జివాన్ గాస్పర్యాన్ అనే మహావిద్వాంసుడు వాయించాక, ఎడారి చూపించాలన్నా ప్రాచీన దుఃఖం చూపించాలన్నా దుదుక్ వాడటం సినిమాలకూ గేములకూ అలవాటైంది. మా మేనకోడలు చెప్పింది ఆ సంగతే. పెళ్లిలో నవ్వే వాద్యాన్ని మనం ఎప్పుడూ ఏడిపిస్తూనే వింటే, అది ఆ వాద్యానికి న్యాయం కాదు. మన అనుభూతికీ న్యాయం కాదు.

ఇక్కడ ‘వరల్డ్ మ్యూజిక్’ అనే మాట గురించి కొంచెం చెప్పాలి. విశ్వవిద్యాలయాల్లో అంతకు ముందే ఉన్నా, ఈ మాట బజారులో స్థిరపడింది 1987లో. చిన్న రికార్డు కంపెనీలవాళ్లు లండన్‌లో ఒక పబ్బులో కూర్చుని, తాము అమ్మే దేశదేశాల రికార్డులను దుకాణంలో ఏ అరలో పెట్టాలో తేలక, ఈ పేరు ఖాయం చేసుకున్నారు. ఒక అరకు పెట్టిన పేరు అది. ఆ అరలో సెనెగల్ పక్కన సింధు, ఈజిప్టు పక్కన ఆర్మేనియా. అందుకే అక్కడితో ఆగకూడదు. అరలోంచి ఒక్కొక్కరినీ బయటికి తీసి, ‘మీదే ఊరండీ’ అని అడగాలి.

‘పాషన్’లో ఉన్నవారిని అలా అడిగితే ఎంత పెద్ద సభ కనిపిస్తుందో చూడండి. నేయ్ అనే వేణువు మీద టర్కీకి చెందిన కుద్సి ఎర్గునెర్. చర్మవాద్యాల మీద ఈజిప్టుకు చెందిన హోసామ్ రమ్జీ. ‘జార్’ అనే ట్రాకు ఉంది. ఒంట్లో చేరిన పీడను వదిలించడానికి ఈజిప్టులో చేసే తంతు పేరది. మన ఊళ్లలో ఎల్లమ్మ ముందు జమిడిక మోగుతుంటే నిలబడి విన్నవాళ్లకు ఆ లయ ఏం చేస్తుందో నేను చెప్పక్కర్లేదు. పాదాలకు ముందు తెలుస్తుంది, తలకు తరవాత.

ఇక మొదటి ట్రాకులో పైకి లేచిన ఆ వయొలిన్ ఎవరిది? ఎల్. శంకర్‌ది. కర్ణాటక వయొలిన్ కుటుంబంలో పుట్టినవాడు, ఎల్. సుబ్రహ్మణ్యం తమ్ముడు. ఆయన వాయించేది రెండు మెడలు, పది తీగలు ఉన్న జంట వయొలిన్. మంద్రం నుంచి తారం దాకా ఒక్క వాద్యం మీదే పలుకుతుంది. గేబ్రియల్ 1989లోనే, ‘పాషన్’కు ఊటలైన సంగీతాన్ని, ఆయా కళాకారుల పేర్లతో, ‘పాషన్ సోర్సెస్’ అని రెండో ఆల్బమ్‌గా తెచ్చాడు. అందులో శంకర్ పల్లవి ఒకటి ఉంది. ఏ రాగంలోనో తెలుసా? శంకరాభరణంలో. లోకమంతా తిరిగి వెళ్తే అక్కడ మన ఇంటి గుమ్మం కనిపించినట్టుంటుంది.

ఆల్బమ్‌కు గుండెకాయ ‘పాషన్’ అనే పేరున్న ట్రాకే. సినిమాలో యేసు సిలువ మోస్తూ జనం మధ్య నడుస్తాడు. దృశ్యం చాలా నెమ్మదిగా కదులుతుంది. అక్కడ పాకిస్తాన్‌కు చెందిన నుస్రత్ ఫతే అలీ ఖాన్ గొంతు లేస్తుంది. ఖవ్వాలీ పాడే సూఫీ గాయకుడు. ఆయనతో పాటు ఆ ట్రాకులో సెనెగల్ గాయకుడు యూసూ న్‌దూర్, ఇంగ్లండు చర్చిలో పాడే ఒక బాలుడు ఉన్నారు. దర్గా నుంచి వచ్చిన గొంతు, ఆఫ్రికా గొంతు, చర్చి గొంతు మూడూ ఒకే సిలువ కింద భుజం పెట్టాయి. ఆ ఆలాపన నాకెప్పుడూ జాలిపడినట్టు వినిపించదు. పక్కన నడిచినట్టు వినిపిస్తుంది.

ఒక మతం గొంతు మరో మతం గుమ్మంలో పలకడం మనకు వింత కాదు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన శేఖ్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధి నీడలో జీవితమంతా నాదస్వరం వాయించారు. ఆ నాదం విన్నవాళ్లు ఆయన మతం అడగలేదు. నుస్రత్ గొంతు వినేటప్పుడు చినమౌలానాను తలుచుకోండి. అర్థం కావడానికి అంతకంటే మంచి దారి నాకు తెలియదు.

ఇంతకీ ఎలా వినాలి? నా అనుభవంలో మూడుసార్లు వినాలి. మొదటిసారి పేర్లు చదవకండి, సినిమా చూడకండి. దీపం తగ్గించుకుని కూర్చోండి. ఒంటికి ఏం జరిగితే అది జరగనివ్వండి. ఆ వినడం పూర్తిగా మీది. రెండోసారి పైన పలికే పాటను వదిలేసి, కింద కదలని శ్రుతిని మాత్రమే పట్టుకోండి. మొదట్లో కష్టం, చెవి పైకే పోతుంది. పట్టు దొరికాక పైపాట ఇంకా లోతుగా వినిపిస్తుంది. మూడోసారి ఎవరు, ఎక్కడివారు, ఈ వాద్యం వాళ్ల ఇళ్లలో ఎప్పుడెప్పుడు మోగుతుంది అన్నది తెలుసుకుని వినండి. ఆ వినడం వాళ్లది.

మూడోసారికి కన్నీరు ఆరిపోతుందేమోనని భయపడకండి. ఆల్బమ్ చివర్లో ‘ఇటీజ్ అకంప్లిష్డ్’ అనే ట్రాకు వస్తుంది. గుడ్ ఫ్రైడే నాడు మన చర్చిల్లో సిలువ మీది ఏడు మాటలు ధ్యానిస్తారు కదా, వాటిలో ఆరో మాట అది. చావు ఘడియ. కానీ అక్కడ సంగీతం ఏడవదు. లయ ఉరకలేస్తుంది, గెలుపు మోగుతుంది. మొదటిసారి వింటే ఇదేమిటి, ఇక్కడ సంబరమా అనిపిస్తుంది. దారి పొడుగునా ఆ గొంతులతో నడిచి వచ్చినవారికి ఆ సంబరం అర్థమవుతుంది. అప్పుడు వచ్చే కన్నీరు వేరు.

చివరగా మళ్లీ మా ఇంటికి వస్తాను. పెద్దాయన వెళ్లిపోయాక అమ్మకు ఆయన అన్న ఒత్తు సంగతి విడమరిచి చెప్పాను. వారం గడిచాక తనే, “ఆ పోయినోళ్ల పాట పెట్టరా” అని అడిగింది. పెట్టాను. ఈసారి కొంగు తీయలేదు. తల కొంచెం వంచి, చెయ్యి అడ్డంపెట్టి, కింది స్వరాన్ని వెతుక్కుంటూ వింది. సగంలో నన్ను చూసి, “ఆ రెండో ఆయన ఊపిరి ఎప్పుడు తీసుకుంటాడురా?” అంది. చెప్పాను. కాసేపు ఊరుకుని, “పేరేమిటి పాపం?” అని అడిగింది.

అంత్రానిక్ అస్కారియన్, వాచే హౌసేపియన్ అని ఇద్దరి పేర్లూ చెప్పాను. అమ్మ వాటిని తన నోటికి తిరిగినట్టు పలికి చూసుకుంది.