‘లౌడ్’ అనగా గట్టిగా అనియేనా?

ఆంగ్ల పాఠ్యపుస్తకములలో పాఠము వెంట ‘రీడ్ అలౌడ్’ అను సూచన తరచుగా కనిపించును. అటు ఏర్గట్ల మొదలుకొని ఇటు బోధను వరకు నిజామాబాదు జిల్లాలో ఏ పల్లె బడి ముందు నిలిచినను ఆ సూచనకు పిల్లలు చేసికొన్న అర్థము వీధిలోనికే వినవచ్చును. ‘గట్టిగ సదువుండ్రి’ అని సారు అనుటయే తడవుగా తరగతి యావత్తు గొంతెత్తి అరచును. నిజమునకు పుస్తకము అడిగినది అరుపు కాదు. ‘అలౌడ్’ అనగా మనసులో చదువుకొనక పైకి చదువుట మాత్రమే. ప్రక్కన కూర్చున్నవానికి వినబడిన చాలును. గొంతు పెంచి చదువుమనవలసి వచ్చినచో ఆంగ్లేయుడు ‘లౌడ్లీ’ అనును, లేదా ‘లౌడర్’ అనును. ఈ భేదము తెలియకపోవుటచే నష్టపడునది మెత్తని గొంతుగల బిడ్డ. ఉచ్చారణ చక్కగా ఉన్నను, అరవలేదు గనుక చదువు రాదనిపించుకొనును.

ఈ ‘అలౌడ్’కు తెలుగులో మాట లేదనుకొనరాదు. పద్యనాటకములు చూచినవారికి, మా రేడియో నాటకములు విన్నవారికి ఆ మాట తెలిసినదే. పాత్ర తనలో తాననుకొనునది స్వగతము. ఎదుటివారు వినునట్లు పలుకునది ప్రకాశము. నటుడు ప్రకాశముగా పలుకునప్పుడు మెల్లగా పలుకవచ్చును, గర్జింపవచ్చును. అది వేరు సంగతి. ‘థింకింగ్ అలౌడ్’ అను పలుకుబడికి ‘గట్టిగా ఆలోచించుట’ అని అనువదించిన వ్రాతలు మా బల్లమీదికి వచ్చుచుండును. మనసులోని ఆలోచనను పైకి అనుకొనుట అని దాని భావము. గట్టిగా ఆలోచించుట మంచిదే కాని, ఇక్కడ దానితో పని లేదు.

‘లౌడ్’ అను మాట పుట్టుక మరింత ఆసక్తికరమైనది. వినుట అను అర్థముగల అతి ప్రాచీన ధాతువునుండి అది వచ్చినదని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. సంస్కృతములోని ‘శ్రుతము’ ఆ ధాతువుదే. అనగా మనము నిత్యము వాడు శ్రుతి, ఆంగ్లేయుల లౌడ్ ఒకే వంశమువి! మొదటి అర్థము ‘వినబడినది’ అనియే. ‘పెద్ద శబ్దముగల’ అను అర్థము తరువాతిది. తెలుగు మాటల చూపు వేరు. గట్టిగా అన్నప్పుడు రాతి గట్టిదనము, పెద్దగా అన్నప్పుడు పరిమాణము మన మనసులో ఉండును. బిగ్గర అను మాటలో బిగి వినిపించుచున్నది. ఆంగ్లపదము వినువాని చెవినుండి బయలుదేరినది. మన పదములు పలుకువాని బలమునుండి బయలుదేరినవి. ‘గట్టిగా చెప్పినాడు’ అన్నప్పుడు గొంతు పెంచెనో, మాట మీద నిలిచెనో సందర్భమును బట్టి తెలిసికొనవలసినదే.

‘లౌడ్’ నింద కాదు. ‘నాయిజీ’ అన్నప్పుడు విసుగు వచ్చి చేరును. చప్పట్లు లౌడ్ కావచ్చును. వానిని నాయిజీ అన్నచో కొట్టినవారు నొచ్చుకొందురు. మన పల్లెల పలుకులో ఈ విచక్షణ బాగుగా ఉన్నది. ‘సప్పుడు’ తటస్థమైన మాట. ‘లొల్లి’ అనగానే దానిలో మనుషులు, తగాదా, తలనొప్పి కూడ వచ్చును. ఏర్గట్ల ప్రాంతము పసుపు పండు నేల. ఉడికించి ఎండబెట్టిన కొమ్ములు మెరుగుపట్టు డ్రమ్ములో తిరుగునప్పుడు పుట్టునది మోత. శ్రీరాంసాగరు గేట్లు ఎత్తినప్పుడు గోదావరి నీరు చేయునది హోరు. ఈ రెంటికిని లౌడ్ అను విశేషణమొక్కటే పెట్టి ఊరకొనుట చాలదు. ‘క్లాటర్’, ‘రోర్’ అని ఆంగ్లములోను వేరువేరు మాటలు ఉన్నవి. కంటికి కొట్టవచ్చినట్లుండు రంగులను కూడ ఆంగ్లేయులు లౌడ్ అందురు. వారి రంగులు అరచును, మనవి కొట్టును.

గొంతుల తగవును కొలతతో తీర్చుటకు డెసిబెల్ అను మానము ఏర్పడినది. 1920ల దశకములో అమెరికా టెలిఫోను ఇంజనీర్లు గ్రాహం బెల్ పేరిట దీనిని కల్పించిరి. దీని లెక్క బియ్యము తూచినట్లుండదు. పది డెసిబెల్లు పెరిగినచో శబ్దశక్తి పదిరెట్లగును, చెవికి మాత్రము సుమారు రెండురెట్లుగానే తోచును. అందుచేతనే యంత్రాల నడుమ పనిచేయువారు అపాయమును తక్కువగా అంచనా వేయుదురు. 1937లో బోధనులో నెలకొన్న నిజాము చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. చెరకు నలుగగొట్టు రోలర్ల ప్రక్కన బ్రతుకు గడపినవారు మాత్రము ఇంకను ఈ జిల్లాలో ఉన్నారు. ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్లు మించరాదని మన ఫ్యాక్టరీ నిబంధనలు చెప్పును. ఇండ్ల నడుమ పగలు 55, రాత్రి 45 అని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు నిర్ణయించినవి. రాత్రి పదినుండి ఉదయము ఆరు వరకు బహిరంగస్థలములలో లౌడ్‌స్పీకరు నిషిద్ధము. పండుగలకై ప్రభుత్వము కొలదిదినములు మాత్రము అర్ధరాత్రి వరకు సడలింపవచ్చును.

వినికిడి తగ్గిన పెద్దలతో మాటాడు ఇండ్లలో ఈ పదభేదము నిజముగా అక్కరకు వచ్చును. ‘తాతకు గట్టిగ చెప్పు, ఇనపడదు’ అందురు. మనుమడు అరచును; తాతకు శబ్దము వినబడును, మాట వినబడదు. వయసుతో వచ్చు చెవుడులో మొదట తగ్గునది హెచ్చు శ్రుతిగల ధ్వనుల వినికిడి. స, త, క వంటి హల్లుల గుర్తులు ఎక్కువగా ఆ ధ్వనులలోనే ఉండును. అరచినప్పుడు బలపడునవి ముఖ్యముగా అచ్చులు. కావున ‘పస’ అన్నను ‘పత’ అన్నను ఆయనకు ఒకటిగానే తోచును. ఆంగ్లములో ‘స్పీక్ అప్’ వేరు, ‘స్పీక్ క్లియర్లీ’ వేరు. తాతకు కావలసినది రెండవది. ఎదురుగా, వెలుతురులో కూర్చుండి, మాటకు మాటకు నడుమ ఎడమిచ్చి, మామూలు గొంతుకంటె కొంచెము పెంచి చెప్పిన చాలును. ఆ సమయమున రేడియోను కట్టివేసినను మేమేమియు అనుకొనము.