రిజిస్టరులో లేని గడి

సభాసదులకు, ముఖ్యంగా వెనక వరసల్లో కూర్చున్న అటెండర్లకు, గోపాలమిత్రలకు నమస్కారం. పశువైద్యుల సదస్సులో మీకు కుర్చీలు వేయడం నేను చూడటం ఇదే మొదలు. ఆలస్యంగానైనా వేశారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తెల్లవారుజామున కబురొచ్చింది. గేదె ఈనింది, మాయ పడలేదు. గ్లౌజులు లేవు. చొక్కా విప్పి, కొబ్బరినూనె రాసుకుని, భుజం దాకా చెయ్యి లోపల పెట్టి మాయ తీశాను. రైతు మెచ్చుకున్నాడు, నేనూ మురిసిపోయాను. కొన్ని వారాలకు సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రి పక్క తడిసేంత చెమట, నడుము నొప్పి మొదలయ్యాయి. టైఫాయిడ్ అన్నారు. మందులకు తగ్గింది, మళ్లీ వచ్చింది. నెలల తరబడి ఇదే వరస. చివరికి మూడో డాక్టరు, 'మీరేం పని చేస్తారు?' అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నతో జబ్బు దొరికింది. బ్రూసెల్లోసిస్. మన రైతులు ఈసుకుపోయే రోగం అంటారే, అదే. ఆరు వారాలు రెండు రకాల మందులు మింగాను.

ఈ క్రిమిని మొదట చూసింది మనిషిలోనే. 1887లో డేవిడ్ బ్రూస్ మాల్టాలో జ్వరంతో చనిపోయిన సైనికుల ప్లీహంలో దాన్ని కనుగొన్నట్టు ప్రకటించాడు. అది మేకల నుంచి వస్తోందని జామిట్ అనే వైద్యుడు తేల్చేసరికి 1905 అయింది. వాళ్లు మనిషి నుంచి పశువు దాకా వెళ్లారు. మనం పశువు దగ్గరే ఆగిపోయాం. ఈ రోగం రాకుండా 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకు ఎస్-19 టీకా వేస్తున్నాం. అందులో ఉన్నది బతికున్న క్రిమి. దూడ తన్నుకుని సూది మన వేలికి గుచ్చుకుంటే, ఆ వేలు చప్పరించి పక్క దూడను పట్టుకునేవాళ్లను ఎందరినో చూశాను. వెంటనే సబ్బు నీళ్లతో కడగాలి, డాక్టరు దగ్గరికి వెళ్లి టీకా పేరు చెప్పాలి. మన డాక్టర్లలో చాలామందికి ఆ పేరు మనమే చెప్పాలి మరి!

ముప్పు ఇదొక్కటే కాదు. 'గొంతులో ఏదో అడ్డం పడింది సార్, చొంగ కారుస్తోంది' అని ఆవును తెస్తారు. డాక్టరు వచ్చేలోపే అటెండరు నోట్లో చెయ్యి పెట్టి వెతుకుతాడు. అది పిచ్చికుక్క కరిచిన ఆవైతే? రేబిస్‌కు ముందస్తు టీకాలు ఉన్నాయి. 0, 7, 21 రోజుల్లో మూడు డోసులు. అవి వేసుకున్నవాళ్లు కూడా, చొంగ గాయానికి తగిలితే మళ్లీ రెండు డోసులు వేయించుకోవాల్సిందే. డాక్టర్లం చాలామందిమి వేసుకున్నాం. తల పట్టుకునేవాడికి వేయించామా?

దొమ్మ రోగంతో (ఆంత్రాక్స్) చచ్చిన పశువును కోయకూడదని ఇక్కడ అందరికీ తెలుసు. దాని గురించి చెప్పను. పశువును నిలబెట్టి కట్టే ట్రెవిస్ విరిగిపోయి, వేపచెట్టుకు పలుపుతో కట్టి వైద్యం చేస్తున్న ఆస్పత్రుల గురించి మాత్రం చెప్పక తప్పదు. నాకు తెలిసిన అటెండర్ల మోకాళ్లు, పక్కటెముకలు అక్కడే పోయాయి.

మన ఓ.పి. రిజిస్టరులో పశువుకు గడి ఉంది, రైతుకు ఉంది, మందుకు ఉంది. ఆ రోజు తన్ను తిన్నవాడికి, సూది గుచ్చుకున్నవాడికి గడి లేదు. రాయని దెబ్బకు సెలవు దొరకదు, పరిహారం దొరకదు. ప్రతి ఆస్పత్రిలో ఆ గడి గీయాలని ఒక తీర్మానం రాసుకొచ్చాను. మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో దాన్ని ప్రతిపాదిస్తాను. బలపరచడానికి వెనక వరసల నుంచి ఒకరు లేవాలని నా కోరిక.