ముఖమున పూరకమందు వేయించుకొన్న పిదప



పెండ్లి ముహూర్తములు దగ్గరపడు దినములలో నా వైద్యశాలకు వచ్చు యువతులలో కొందరికి జబ్బేమియు ఉండదు. ముక్కు ప్రక్కనుండి నోటి కొనలకు దిగు గీతలు పూడ్చుమనియో, పెదవులకు నిండుదనము తెమ్మనియో, కన్నుల క్రింది గుంటలు కనబడకుండ చేయుమనియో అడుగుదురు. దీనికై సూదితో ఎక్కించు మందును ఫిల్లరు అందురు. ఇట్టి అలంకారము కావలయునా వలదా యను చర్చకు నేను పూనుకొనను. వేయించుకొని ఇల్లు చేరినవారు ఏమి చేయవలెను, ఏమి చేయరాదు, ఎప్పుడు పరుగెత్తి రావలెను అను సంగతులనే మనవి చేసెదను.

ముఖములో పదార్థము నింపుట క్రొత్త కాదు. 1899లో వియన్నా నగరమున రాబర్ట్ గెర్సునీ యను శస్త్రవైద్యుడు వాసెలీనును చర్మము క్రింద ఎక్కించెను. పిదప పారఫిన్ మైనమును ముక్కులలో, చెక్కిళ్ళలో నింపు వాడుక ఐరోపాలో వ్యాపించెను. 1921లో మార్ల్‌బరో డ్యూకును పెండ్లాడిన గ్లాడిస్ డీకన్ అను ప్రసిద్ధ సుందరి అంతకు పూర్వమే ముక్కు తీరు దిద్దుకొనుటకై మైనము వేయించుకొనగా, అది క్రిందికి జారి ముఖమును చెరిపినది. నేడు మేము ఎక్కువగా వాడునది హయలురోనిక్ ఆమ్లము. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనువారు దీనిని ఎద్దు కంటిలోని ద్రవమునుండి వేరుచేసిరి. మన చర్మమునందును, కీళ్ళయందును ఇది సహజముగనే యున్నది. దీనిలోని గొప్ప మేలేమనగా, హయలురోనిడేస్ అను వేరొక మందు వేసినచో ఇది కరగిపోవును. అన్ని ఫిల్లర్లకును ఈ విరుగుడు లేదు. కావున మందు పేరేమి, కరగునదేనా, కరిగించు మందు ఆ వైద్యశాలలో సిద్ధముగ నున్నదా యని ముందే అడిగి, పెట్టెమీది చీటీని ఇంట దాచుకొనుడు.

వేయించుకొన్న దినమున కొంచెము వాపు, ఎరుపు, అక్కడక్కడ కమిలిన మచ్చ ఉండుట సామాన్యము. పెదవులు మరునాటి ఉదయమున మరింత వాచి, అద్దము చూచినవారిని హడలగొట్టును. కొద్ది దినములలో వాపు దిగును. కమిలిన మచ్చ మాయుటకు వారము పది దినములు పట్టవచ్చును. మంచుగడ్డను పలుచని గుడ్డలో చుట్టి మెల్లగా అద్దవచ్చును గాని నేరుగ చర్మముపై ఉంచరాదు. ఆ దినమంతయు చేతులు ముఖమునకు తగులనీయకుడు, పౌడరు, రంగులు పూయకుడు. ఒకటి రెండు దినములు వ్యాయామము, మద్యము, ఆవిరి పట్టుట, మండుటెండ మానవలెను. వెల్లకిల పరుండుట మేలు. ఆస్పిరిన్ కమిలింపును హెచ్చించును. అయినను గుండెజబ్బునకై వైద్యుడు వ్రాసియిచ్చిన ఆస్పిరినును మీయంతట మీరు మానకుడు.

మన యిండ్లలో వచ్చు చిక్కు వేరొకటి కలదు. అది నలుగు. పెండ్లికూతురును చేయు దినమున ముత్తైదువలు సున్నిపిండితో చెక్కిళ్ళు, గడ్డము గట్టిగా రుద్దుదురు. రెండు వారములలోపల ఇట్లు రుద్దినచో మందు చోటు తప్పవచ్చును. పిల్ల మేనత్తతో ‘నా ముఖము ముట్టకు అత్తా’ అని ఎట్లు చెప్పును? చెప్పినచో చాటుగా చేయించుకొన్న పని బయటపడును. అందుచే నేను ముందుగా పెండ్లి తేదీ అడిగి, నలుగునకు నెల దినములైనను గడువు లేనిదే సూది పట్టను. ఇందువలన నాపై అలిగి వెడలిపోయినవారును కలరు. సౌందర్యశాలలలోని ముఖమర్దనమును, అత్యవసరము కాని దంతవైద్యమును గూడ రెండు వారములు ఆపుట మంచిది.

ఇక అసలు భయము. మందు పొరపాటున ధమనిలోనికి పోయినచో రక్తప్రవాహము ఆగును. ఆ చోట చర్మము తెల్లబారును. పిదప వలవంటి ఊదారంగు చారలు తేలును. నొప్పి తగ్గుటకు మారుగ హెచ్చును. మందులో మత్తు కలిసియుండుటచే మొదట నొప్పి తెలియకపోవచ్చును. వేలితో నొక్కి విడిచినచో రెండు సెకండ్లలో రంగు మరలి రావలెను. రాకున్న తెల్లవారువరకు ఆగరాదు.

నేనొకమారు ఆగుమంటిని. కొన్ని యేండ్ల క్రిందట ఒక ఉపాధ్యాయిని రాత్రి తొమ్మిది గంటలకు ఫోను చేసి, “డాక్టరుగారూ, ముక్కు ప్రక్క మచ్చలు మచ్చలుగా ఉన్నదండి, సలుపుచున్నది” అనెను. “కమిలియుండును, ఉదయము చూతమమ్మా” అంటిని. ఫొటో అయినను అడుగలేదు. ఇంటివారు ప్రేమతో కాపడము పెట్టిరట. ఉదయమునకు ఆ చారలు ముక్కురెక్కవరకు ప్రాకి నల్లగా కందియుండెను. వెంటనే హయలురోనిడేస్ వేసితిని. గంటగంటకు చూచి మరల మరల వేసితిని. ముక్కు నిలిచినది గాని రెక్క అంచున చిన్న పల్లము మిగిలిపోయినది. ఆమె నన్ను ఒక్క మాటయైన అనలేదు. అనియుండిన బాగుండెడిదని నాకు నేటికిని తోచుచుండును.

ముక్కు దూలమునందును, కనుబొమల నడుమను ఉన్న ధమనులకు కంటి ధమనితో సంబంధము కలదు. అక్కడి మందు వెనుకకు ప్రాకినచో చూపు పోవచ్చును. ఇది మిక్కిలి అరుదు. తరచుగ సూది వేయుచుండగనే సంభవించును. చూపు మసకబారినను, కంటిలో నొప్పి పుట్టినను, రెప్ప వాలినను, మాట తడబడినను, ఒక ప్రక్క చేయి పట్టు తప్పినను నేత్రవైద్యులు గల పెద్ద ఆసుపత్రికి తత్క్షణము పోవలెను. లెక్కించవలసినది నిమిషములే.

వారములు, నెలలు గడచిన పిదప ఎఱ్ఱని గడ్డ లేచినచో దానిని పిసుకక వైద్యునికి చూపుడు. సూది లేకయే ఒత్తిడితో మందు చిమ్ము కలములు అమ్మబడుచున్నవి. వాటిని వాడవలదని అమెరికా ఆహార, ఔషధ శాఖ 2021లో హెచ్చరించినది.

ఎవరివద్ద వేయించుకొన్నను, రాత్రివేళ పలుకు ఫోను నంబరు అడిగి పుచ్చుకొనుడు. నావద్దకు వచ్చినవారికి దానిని నేనే నా చేత వ్రాసి యిచ్చుచున్నాను.