పడవే ఇల్లయిన ఏడు నెలలు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కొన్నేళ్ల క్రితం నేను, మా ఆవిడ, పదమూడేళ్ల మా అమ్మాయి, తొమ్మిదేళ్ల మా అబ్బాయి ఏడు నెలల పాటు కరీబియన్ సముద్రంలో తెరచాప పడవ మీద కాపురం చేశాం. డబ్బు, ధైర్యం ఎక్కడివని అందరూ అడుగుతారు. పాత పడవ కొన్నాం, తిరిగొచ్చాక అమ్మేశాం. ధైర్యం కోసం ముందు నాలుగేళ్లు వారాంతాల్లో పడవ నడపడం నేర్చుకున్నాం. ఆ సంగతి అంతే. ఇది బడి సభ కాబట్టి పిల్లల గురించి చెబుతాను.

డిసెంబర్‌లో గ్రెనడా నుంచి బయలుదేరాం. ఆ దీవి 12 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, అంటే మన కుప్పం కంటే కాస్త దక్షిణంగా ఉంటుంది. అందుకే అక్కడా మామిడి, చింత, కొబ్బరి కాస్తాయి. సెయింట్ జార్జెస్ బజారులో 'కలలూ' అని అమ్ముతున్న ఆకును మా ఆవిడ చూడగానే గుర్తుపట్టింది. అది మన చేమాకే! ఆ రాత్రి పడవలో పులుసు ఘుమఘుమలాడింది.

అక్కడి నుంచి కారియాకూ, టొబాగో కేస్, బెక్వే, సెయింట్ లూసియా మీదుగా ఉత్తరాన మార్టినిక్ దాకా వెళ్లాం. సాంఘిక శాస్త్రంలో మనం బట్టీపట్టిన వాణిజ్య పవనాలే మా ఇంజను. తూర్పు నుంచి వీచే ఆ గాలికి దీవుల పడమటి వైపు నీరు ప్రశాంతంగా ఉంటుంది. దీవికీ దీవికీ మధ్య సందులో మాత్రం అలలు పడవను ఊపేస్తాయి. మొదటి నెలంతా మా అమ్మాయికి వాంతులు, పైగా స్నేహితుల మీద బెంగ. పన్నెండు మీటర్ల పడవలో అలిగి కూర్చోవడానికి వేరే గది ఉండదు. ఎవరి కోపమైనా సాయంత్రానికల్లా మాట్లాడుకుని తేల్చుకోవలసిందే.

మా ట్యాంకులో పట్టేది 400 లీటర్ల మంచినీళ్లు. మనిషికి రోజుకు పది లీటర్లు వాడితే పది రోజులు వస్తాయి. గిన్నెలు సముద్రపు నీటితో తోమి, చివర ఒక్కసారి మంచినీళ్లతో తొలిచేవాళ్లం. కరెంటు లెక్క అబ్బాయిది. బ్యాటరీలు 400 ఆంపియర్ అవర్లవి. సీసం బ్యాటరీని పదే పదే సగం కంటే కిందికి దించితే త్వరగా పాడవుతుంది. కాబట్టి మేం వాడుకోదగ్గది 200. అందులో ఫ్రిజ్ ఒక్కటే రోజుకు అరవై దాకా తినేస్తుంది. మబ్బు పట్టిన రోజున సోలార్ పలకల మీటరు చూసి, "ఇవాళ ఫ్రిజ్ బంద్" అని వాడే ప్రకటించేవాడు. ఇంజనీరునైన నేను కూడా వాడి మాట వినాల్సిందే.

అక్కడ తుపాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. అందుకని జూన్ మొదట్లో ట్రినిడాడ్‌కు దిగిపోయాం. గ్రెనడా నుంచి దాదాపు 80 నాటికల్ మైళ్లు, అంటే 150 కిలోమీటర్లు. ఒక రాత్రి ప్రయాణం. రాత్రి పది నుంచి పన్నెండు దాకా కాపలా తను ఒక్కతే చేస్తానంది అమ్మాయి. అప్పటిదాకా వాళ్లమ్మతో కలిసి చేసింది. మా ఆవిడ ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. చివరికి లైఫ్ జాకెట్ వేసి, నడుముకు పట్టీతో పడవకు కట్టి, చుక్కాని దగ్గర నుంచి కదలొద్దని చెప్పి, మేం లోపల పడుకున్నాం. నిద్ర పట్టలేదన్నది నిజం.

పదకొండుంపావుకు పిలిచింది. "నాన్నా, ఎడమ వైపు ఓడ ఉంది. ఆకుపచ్చ దీపం కనిపిస్తోంది. మూడు సార్లు దిక్సూచితో చూశాను, 110 డిగ్రీలే. మారడం లేదు."

రెండు పడవలు తమ తమ వేగంతో, తమ తమ దారిలో వెళుతున్నప్పుడు ఒకదానికి రెండోది కనిపించే దిశ మారకుండా దూరం మాత్రమే తగ్గుతుంటే అవి ఢీకొంటాయి. పదో తరగతిలో చదివిన సరూప త్రిభుజాలే ఇవి. గంటకు 15 నాటికల్ మైళ్లు నడిచే ఓడ ఐదు మైళ్లను ఇరవై నిమిషాల్లో దాటేస్తుంది. నేను కొలిచినా అదే 110. రేడియోలో పిలిస్తే ఓడ నుంచి జవాబొచ్చింది. అది తన కుడికి తిరిగి మా వెనక నుంచి వెళ్లిపోయింది. "ఇక నేను కూర్చుంటాలే" అన్నాను. "నా టైం ఇంకా అవలేదు, నువ్వు పడుకో నాన్నా" అంది.

మేం ఆ అమ్మాయికి ఏడు నెలల్లో కొత్తగా చెప్పిన చదువు తక్కువ. పొద్దున మూడు గంటలు, అవే పాఠ్యపుస్తకాలు. తేడా అంతా ఒక్కచోటే ఉంది. తను సరిగా చేయకపోతే ఇంటిల్లిపాదికీ ముప్పు వచ్చే పనిని మేం తన చేతికిచ్చాం. ఇంటి దగ్గర మనం పిల్లలకు అన్నీ అమర్చిపెట్టి, మార్కులు మాత్రం అడుగుతాం. ఆ మార్కులు తగ్గితే నష్టం వాళ్లకేనని చెబుతాం. మరొకరికి తమ అవసరం ఉందన్న సంగతి వాళ్లకు తెలిసేది ఎప్పుడు?

తిరిగొచ్చాక వారం రోజులు మా అబ్బాయి అందరి వెనకా తిరిగి కుళాయిలు కట్టేశాడు. ఆ తర్వాత ఒకరోజు అమ్మాయి, "ఇక్కడ నా పనేమిటి నాన్నా?" అని అడిగింది. వెంటనే జవాబు దొరకలేదు. వెతికి వెతికి ఇంటి నెల ఖర్చు లెక్క తన చేతికిచ్చాం. మీ ఇంట్లో పిల్లలు ఇదే అడిగితే ఏం చెబుతారో ఆలోచించండి. వాళ్లు అడిగేదాకా ఆగకండి.