వాణిజ్య విధానాల మార్పులు - జంషెడ్‌పూర్ అనుభవం

సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట సాక్చీ అనే పల్లె ఉండేది. 1907లో ఏర్పడిన టాటా ఉక్కు కంపెనీ ఆ చోటును ఎంచుకొన్నది. 1912 ఫిబ్రవరిలో అక్కడ మొదటి ఉక్కు దిమ్మె తయారైనది. 1919లో ఊరు జంషెడ్‌పూర్‌గా, కాలీమాటి రైల్వే స్టేషన్ టాటానగర్‌గా మారినవి. సంతాల్, హో, భూమిజ్ ఆదివాసుల నేల అది. కొలిమి రాజుకొన్న తరువాత బెంగాలీలు, ఒడియాలు, బీహారీలు, పంజాబీలు, ఛత్తీస్‌గఢ్ ప్రాంతీయులు, తమిళులు అక్కడికి చేరినారు. విశాఖపట్నం, శ్రీకాకుళం, గంజాం ప్రాంతాల నుండి తెలుగువారు కూడా రైలెక్కి వెళ్ళినారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి రాకకు నేటికీ సాక్షి.

ఇట్టి నగరంలో దిగుమతి సుంకం ప్రతి ఇంటి నెలజీతంతో ముడిపడిన సంగతి. రేవులో విదేశపు ఉక్కు ఏ ధరకు దిగుతున్నదనే దానిని బట్టి ఇక్కడ పని పెరుగుతుంది, తరుగుతుంది. దేశ వాణిజ్య విధానం మారినప్పుడెల్లా ఈ నగరం తట్టుకొని నిలిచినది. అయితే నగరంలోని వారందరూ ఒకే విధంగా నిలువగలిగినారా అన్నది విచారించవలసిన ప్రశ్న.

మొదటి పెద్ద మార్పు 1924 నాటిది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత యూరపు నుండి చౌక ఉక్కు వచ్చిపడినది. కర్మాగార విస్తరణకు భారీగా డబ్బు వెచ్చించిన కంపెనీ చిక్కులలో పడినది. టారిఫ్ బోర్డు విచారణ జరిపిన మీదట ఉక్కు పరిశ్రమ రక్షణ చట్టం వచ్చినది. దిగుమతులపై సుంకాలు పెరిగినవి, పట్టాల వంటి వాటికి ప్రోత్సాహక ధనం లభించినది. ప్రజలు చెల్లించే సుంకంతో పరిశ్రమ బ్రతికేటట్లయితే, ఆ పరిశ్రమ తన కార్మికులకు ఏమి హామీ ఇవ్వాలి? కార్మికుల పక్షాన ఎన్.ఎం. జోషి వంటివారు కేంద్ర శాసనసభలో ఈ ప్రశ్న లేవనెత్తినారు. దానికి చట్టంలో తగిన సమాధానం దొరకలేదు. 1925 ఆగస్టులో గాంధీజీ ఆ నగరానికి వెళ్ళినారు. దీనబంధు ఆండ్రూస్ కార్మిక సంఘానికి అండగా ఉన్నారు. కార్మిక సంఘానికి గుర్తింపు లభించినది.

రక్షణను 1927లో మరి ఏడేండ్లు పొడిగించినారు. దానితోపాటు ఉత్పత్తి వ్యయం తగ్గించవలసిన ఒత్తిడి కూడా వచ్చినది. వ్యయం తగ్గించడమంటే మనుషులను తగ్గించడమేనని కార్మికులకు అనుభవంలో తెలిసినది. 1928 నాటి సమ్మె, లాకౌట్ నెలల తరబడి సాగినవి. సుభాస్ చంద్రబోస్ పూనికతో సెప్టెంబరులో ఒప్పందం కుదిరినది. మరుసటి ఏడు గోల్మురిలోని టిన్‌ప్లేట్ కర్మాగారంలో సమ్మె జరిగినది. ఆ పరిశ్రమ కూడా రక్షణ సుంకం పొందినదే. సుంకపు గోడ కంపెనీకి నీడనిచ్చినంత సులభంగా కూలివానికి నీడనివ్వలేదు.

ఈ పాఠం వృథా పోలేదు. 1956లో కంపెనీ, టాటా వర్కర్స్ యూనియన్ చేసుకొన్న ఒప్పందంలో కొత్త యంత్రాలను, పద్ధతులను యూనియన్ అంగీకరించినది. వాటి కారణంగా ఉన్న ఉద్యోగులను తొలగించబోమని కంపెనీ మాట ఇచ్చినది. మార్పు వచ్చిన తరువాత పోట్లాడుకొనే బదులు ముందుగా కూర్చొని మాట్లాడుకొన్న ఆ పద్ధతి దేశంలో చాలామందికి ఆదర్శమైనది.

రెండవ పెద్ద మార్పు 1991లో మొదలైనది. ఉక్కుకు లైసెన్సుల నిర్బంధం తొలగినది. 1992 జనవరిలో ధరల నియంత్రణ, దానితోపాటు సమ రవాణా ధర విధానం ముగిసినవి. ఈ రెండవదానిని విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. 1956 నుండి దేశంలో ఎక్కడ కొన్నా ఉక్కు ధర ఒకటే. అందువల్ల కర్మాగారం పక్కనే కార్ఖానా పెట్టిన వానికి అదనపు లాభం లేకపోయినది. గనులు, కొలిమి ఉన్న తూర్పు ప్రాంతం నష్టపోయినది. ఆ అడ్డు తొలగే సమయానికే దిగుమతుల తలుపు కూడా తెరుచుకొన్నది. అత్యధిక దిగుమతి సుంకం 1991లో 150 శాతం. 1995 నాటికి అది 50 శాతానికి దిగినది.

టాటా ఉక్కు కంపెనీలో 1990ల ఆరంభంలో సుమారు 78 వేల మంది ఉండేవారు. 2005 నాటికి ఆ సంఖ్య 40 వేల లోపుకు వచ్చినది. ఇంత పెద్ద తగ్గింపు 1928 నాటి కల్లోలం లేకుండా ఎట్లా సాధ్యమైనది? ఇష్టపడి వైదొలగినవారికి పదవీ విరమణ వయస్సు వరకు నెలనెలా డబ్బు అందే ఏర్పాటు చేయడం ముఖ్య కారణం. దీనిని తక్కువ చేసి చూడరాదు. కాని ఆ ఏర్పాటు పట్టీలో పేరున్న వారికి మాత్రమే.

ఖర్కాయి నదికి ఆవల ఆదిత్యపూర్‌లో పరిస్థితి వేరు. అక్కడ వందలాది చిన్న యూనిట్లు లారీలకు కావలసిన విడిభాగాలు చేస్తాయి. వాటి ప్రధాన కొనుగోలుదారు ఒక్కరే. 2019లో భారీ వాహనాల గిరాకీ పడిపోయి టాటా మోటార్స్ కర్మాగారంలో కొన్ని దినాలు ఉత్పత్తి ఆపినపుడు, ఆదిత్యపూర్‌లో షిఫ్టులు తగ్గినవి. మొదట పని పోయినది రోజు కూలీకి. విచిత్రమేమంటే సుంకం పెరిగినా చిన్న యూనిట్లకు ఇబ్బందే. 2025 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం కొన్ని రకాల ఉక్కు దిగుమతులపై 12 శాతం తాత్కాలిక రక్షణ సుంకం విధించినది. ఉక్కు తయారు చేసేవానికి అది గొడుగు, ఉక్కు కొని పనిచేసేవానికి బరువు. ఒకే నదికి ఇటు అటు ఉన్న ఇద్దరికి ఒకే ఉత్తర్వు ఇట్లా రెండు విధాలుగా తగులుతుంది.

చిన్న పరిశ్రమలకు 2006 నాటి చట్టం ఒక ఆయుధమిచ్చినది. సరుకు తీసుకొన్నవారు 45 రోజులలో డబ్బు చెల్లించాలి. లేనిచో బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ ఇవ్వాలి. అయితే ఉన్న ఒక్క కొనుగోలుదారుపై ఫిర్యాదు చేసే ధైర్యం ఎందరికి ఉంటుంది? విధానం మారే రోజుల్లో ఫిర్యాదు కోసం కాచుకోకుండా, బకాయిలను అధికారులే ఆరా తీయడం మేలు.

వలస కూలీకి 1979 నాటి అంతర్‌రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రయాణపు ఖర్చు, స్థానచలన భత్యం ఇమ్మన్నది. అయితే అది కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారికే వర్తించినది. అన్న వెంటనో ఊరివారి వెంటనో స్వయంగా రైలు దిగినవాడు దాని పరిధిలోకి రాలేదు. నిజానికి వలస ఎక్కువగా సాగేది అట్లాగే గదా! 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా స్మృతి వారిని కూడా నిర్వచనంలో చేర్చినది. 2021లో ఈ-శ్రమ్ నమోదు మొదలైనది. ఏ రాష్ట్రపు రేషన్ కార్డు అయినా మరొక రాష్ట్రంలో చెల్లే ఏర్పాటు 2022 నాటికి దేశమంతటా వచ్చినది. పని పోయిన నెలలో బియ్యం దొరికితే కూలీ ఊరు విడిచి పోనక్కరలేదు; యూనిట్ మళ్ళీ తెరిచిననాడు పనితనం తెలిసిన మనిషి యజమానికీ దొరుకుతాడు.

రక్షణ సుంకం విధించే ముందు జరిగే విచారణలో ఉత్పత్తి, అమ్మకాలు, లాభనష్టాలతో పాటు ఉద్యోగితను కూడా చూస్తారు. ఆ లెక్కలోకి గేటు లోపలి ఒప్పంద కూలీలు, నది ఆవలి చిన్న కార్ఖానాల పనివారు కూడా రావాలి. అందుకు వారి పేర్లు ముందుగా ఎక్కడో ఒకచోట నమోదై ఉండాలి. టాటానగర్ స్టేషన్‌లోనే ఒక నమోదు కేంద్రం తెరిచి, హిందీతో పాటు సంతాలీ, ఒడియా, బెంగాలీ, తెలుగు భాషలలో వివరాలు చెప్పగలవారిని అక్కడ నియమించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.